తోకలో పోసిన ఒడిబియ్యం

కొత్తగా పనికి పోబోయే పిల్లలు నా దగ్గర కూర్చుంటే నేను చెప్పేది ఒకటే. పని నేర్చుకోండి, మంచిదే. కానీ ఆ పని జరిగే ఇంటికి గడప ఎక్కడుందో, దానికి అవతల ఎవరిని నిలబెడుతున్నారో కూడా చూసుకోండి. నాకు ఆ సంగతి ఒక విమానం తోక దగ్గర తెలిసింది. విమానం అంటే మనుషులు ఎక్కేది కాదు. ఫోమ్ షీటుతో చేసి, కింద నిలబడి రిమోట్‌తో ఎగరేసేది. రెండు చేతులు చాపితే ఎంతో, రెక్కలు అంత ఉంటాయి.

నాలుగో తరగతితోనే నా చదువు ఆగింది. సూర్యాపేటలో పెళ్లి స్టేజీల మీద పెట్టే థర్మాకోల్ పేర్లు కోసేవాణ్ణి. అబ్బాయి పేరు, అమ్మాయి పేరు, మధ్యలో ఒక గుండె. ఎంతమంది గుండెలు కోశానో లెక్క లేదు, ఒక్కరూ ఏడవలేదు. తరువాత అందరూ ఫ్లెక్సీలు కట్టడం మొదలుపెట్టారు, నా కోత ఖతమైంది. అలా ఊరికే కూర్చున్నప్పుడు కోదాడ నుంచి ఒకాయన కబురు పెట్టాడు. భూములున్న కుటుంబం, ఎరువుల దుకాణం కూడా ఉంది. విమానాల మీద మోజుతో ఇంటి వెనక రేకుల షెడ్డు వేసి, బడులకూ ఇంజనీరింగ్ కాలేజీలకూ ఈ చిన్న విమానాలు చేసి అమ్ముతున్నాడు. కరెంటుతో వేడెక్కే తీగతో ఫోమ్ కోసేవాడు కావాలన్నాడు. పొద్దున బస్సెక్కి కోదాడ పోవడం, సాయంత్రం బస్సెక్కి సూర్యాపేట రావడం. కొన్నేళ్లు అదే నా బతుకు.

నేను కోసిన ముక్కలు పక్క బల్ల మీదికి పోయేవి. అక్కడ ఆడవాళ్లు అతికించేవారు. అందులో తోక పని ఒక నడిగూడెం ఆమెది. గొర్రెలు కాసే ఇంటి మనిషి. పెళ్లయిన కొద్ది కాలానికే భర్త పోతే తమ్ముడింట్లో ఉంటూ పనికి వచ్చేది. నన్ను అన్నా అనేది, నేను చెల్లె అనేవాణ్ణి.

తోక అంటే పెద్దదేమీ కాదు. ఒక అడ్డరెక్క, దాని మీద ఒక నిలువు రెక్క, వాటి చివర కదిలే రెండు పట్టీలు. కానీ విమానం మాట వినేది తోక వల్లనే. అడ్డరెక్క వెంట్రుకంత వాలినా గాలిలో ఒక పక్కకే తిరుగుతూ పోతుంది. ఈమె తోక అతికించాక షెడ్డు చివరికంటా నడిచిపోయి, అక్కడ కింద కూర్చుని, ఒక కన్ను మూసి వెనక నుంచి చూసేది.

"ఏందే, గంత దూరం పోయి సూస్తవ్? దగ్గర కనబడదా?" అని మిగతావాళ్లు ఆటపట్టించేవారు.

"మందకు ముందట నడిసెటోనికి ఏ గొర్రె కుంటుతుందో ఎర్కైతదా? ఎనక నడిసినోనికే ఎర్క," అనేది.

"గొర్రెల కాడి తెలివంత విమానాలకు తెచ్చినవ్ పో!"

"తేకపోతే ఏంది, రెండిటికీ తోకలే గదా," అని తనే ముందు నవ్వేది.

ఆఖరున విమానాన్ని రెక్కల కింద రెండు వేళ్ల మీద నిలబెట్టి చూడటం కూడా ఆమెకే అప్పగించారు. ముక్కు ఒక రవ్వ కిందికి వంగితే బరువు సరిగ్గా ఉన్నట్టు. తోక కిందికి పోతే ఆ విమానం ఎగరదు. ఇది షెడ్డులో అందరికీ తెలిసిన సంగతే. ఎంతో తెలివైనవాళ్లకు మాత్రమే తెలిసిన రహస్యం కాదు. తరువాత జరిగినది వినేటప్పుడు ఈ మాట గుర్తుంచుకోండి.

ఆ షెడ్డుకు ఒక ఆచారం ఉండేది. ఓనర్ తల్లి పెట్టింది. మేమంతా పెద్దమ్మ అనేవాళ్లం. మొదటి విమానం అమ్ముడుపోయిన రోజు ఆమె పళ్లెంలో పసుపు బియ్యం పట్టుకుని వచ్చింది. "బిడ్డను అత్తగారింటికి వట్టి ఒడితో పంపుతమా?" అని, విమానం తోకకు బొట్టు పెట్టి, తీగలు సరిచేయడానికి వెనక వదిలిన చిన్న మూత తెరిచి ఐదుగురు ముత్తయిదువలతో తలా ఒక గింజ వేయించింది. ఒడిబియ్యం. మూత మూశాక విమానం చేరవలసిన చోటికి చేరేదాకా తెరవకూడదు. అప్పటి నుంచి ప్రతి విమానానికీ అదే. ఐదు గింజల బరువెంత? ఎవరికీ ఇబ్బంది లేదు. నవ్వుకుంటూ వేసేవారు, మాకు కొబ్బరి ముక్కలు వచ్చేవి.

ఒడిబియ్యం వేసేటప్పుడు నడిగూడెం చెల్లె ఉండదు. పొమ్మని ఎవరూ అనేవారు కాదు. పళ్లెం కనబడగానే, "గమ్ము డబ్బా కడుక్కొస్త," అని తనే బయటికి వచ్చేది. మగవాణ్ణి గనుక నేనూ బయటే. ఇద్దరం కుళాయి దగ్గర నిలబడేవాళ్లం. అప్పటికే కడిగి ఉన్న డబ్బాను ఆమె మళ్లీ కడిగేది.

ఒక ఏడాది మా ఓనర్‌కు మిర్యాలగూడ రైస్ మిల్లువాళ్లతో మాట కుదిరింది. అక్కడ మిల్లుల ముందు పెద్ద పెద్ద సిమెంటు కల్లాలు. వడ్లు ఆరబోస్తే పావురాలు మేఘం దిగినట్టు దిగుతాయి. కర్ర పట్టుకుని మనిషి ఒక పక్క తోలితే ఇంకో పక్క వాలతాయి. గద్ద ఆకారంలో, గద్ద రంగు వేసిన విమానం మీద తిప్పితే పావురాలు దరిదాపుల్లోకి రావని మా ఓనర్ చెప్పాడు. ఒక్కసారి ఎగరేసి చూపించండి, నచ్చితే మిల్లుకొకటి తీసుకుంటామన్నారు వాళ్లు.

ఆ రోజే ఓనర్ షెడ్డులో అందరి ముందూ అన్నాడు. "ఈ ఆర్డర్ వచ్చిందంటే తోకల పనికి వేరే గది కట్టిస్తా. నలుగురు కొత్తవాళ్లను పెట్టి ఈవిడను మేస్త్రీ చేస్తా."

అందరూ ఆమె వైపు చూశారు. ఆమె తల దించుకుని గమ్ము మూత బిగించింది. మధ్యాహ్నం బువ్వ తినేటప్పుడు ఒకామె దెప్పింది. "మేస్త్రమ్మా, జర మామిడికాయ తొక్కు ఇటు వడెయ్యి. రేపటెల్లి అడిగితె ఇస్తవో లేదో!"

"ఊకోయే. గొర్రె తోక బెత్తెడే. ఎంత మంచిగ మేపినా పెరుగుతదా?" అన్నది.

కానీ బస్టాండు దాకా కలిసి నడిచేటప్పుడు నాతో అన్న మాట వేరు. "అన్నా, మా ఇంట్ల ఏ పనికైన నన్ను ఎనుకకు జరుగు అంటరు. పెండ్లికైన, పేరంటానికైన, పొద్దుగాల ఎవలన్న బైలెల్లుతుంటె గూడ. ఒక్క పనికి నన్ను ముందుకు రమ్మంటె ఎట్లుంటదో సూడాలె నాకు. గంతే." అంతకంటే ఏమీ అడగలేదు. కోరికలు చిన్నవైతే తొందరగా తీరుతాయని పెద్దలు అంటారు. నేను చూసినంతలో అది అబద్ధం.

ఆ గద్ద తోకను ఆమె మూడుసార్లు విప్పి మూడుసార్లు అతికించింది. చివరికి వేళ్ల మీద నిలబెడితే ముక్కు ఒక గింజంత వంగి ఆగింది. రిమోట్ పట్టే కుర్రవాడు, ఇంజనీరింగ్ చదివి మా దగ్గర కుదిరినవాడు, చూసి "అక్కా, దీన్ని ముట్టుకోవాలంటేనే భయంగా ఉంది," అన్నాడు. మంచివాడే. మంచివాళ్ల సంగతీ వస్తుంది.

తెల్లవారి బయలుదేరే ముందు పెద్దమ్మ వచ్చింది. ఈసారి పళ్లెం కాదు, గంప. పట్టు చీర కట్టుకుంది.

"ఎప్పటి లెక్క గింజలేస్తే బాగుంటదా? పెద్దింటికి పోతున్న పిల్ల. మిల్లోళ్లు. వాళ్ల ముంగట మనం చేతులు ముడుసుకుంటమా? తలా ఒక దోసెడు పొయ్యుండ్రి," అన్నది.

నేను, చెల్లె బయట కుళాయి దగ్గర ఉన్నాం. ఆ మాట విని ఆమె చేతిలో డబ్బా ఆగిపోయింది. ఎన్నడూ లేనిది, వచ్చి గడప ముందు నిలబడింది. లోపల కాలు పెట్టలేదు.

"పెద్దమ్మా, ఎప్పటి లెక్క ఐదు గింజలు సాలవా? తోక బరువైతది. ఎగరదు."

పెద్దమ్మ ఈమె వైపు తిరగనైనా తిరగలేదు. గోడతో మాట్లాడినట్టు అన్నది. "శుభమాని బిడ్డను పంపుతుంటె ఎగరదు అన్న మాట ఎవలినోట్లకెల్లి వచ్చిందే? మనిషి అవతల నిలబడ్డట్టే మాట గూడ అవతల్నే ఉండాలె."

ఐదుగురు ఐదు దోసిళ్లు పోశారు. ఎవరి మొహంలోనూ ఇష్టం లేదు. బియ్యం ఆ బోలు ఒంట్లో గలగల జారి తోక మొదట్లో ఆగిన చప్పుడు మాకు బయటికి వినిపించింది. మూత మూసి టేపు వేశారు. కొబ్బరి ముక్క నా చేతిలో పెట్టారు. నేను తినలేదని చెప్పను, తిన్నాను. పొద్దున ఏమీ తినకుండా వచ్చాను.

వ్యాను నడుపుతూ ముందు ఓనర్, వెనక చెల్లె, కుర్రవాడు, నేను, మా ఒళ్లో గద్ద. హుజూర్‌నగర్ దాటాం. తరువాత కుర్రవాడే అన్నాడు. "అక్కా, అక్కడికి పోయినంక సార్‌కు నేను చెప్తా. తీసేద్దాం."

"నువ్వు జెప్తె ఇంటడు. సదువుకున్నోనివి," అన్నది ఆమె.

మిర్యాలగూడలో కల్లం మీద వడ్లు బంగారంలా పరిచి ఉన్నాయి. నలుగురైదుగురు మిల్లు యజమానులు నీడలో కుర్చీలు వేసుకుని, సోడాలు తెప్పించుకుని కూర్చున్నారు. పావురాలు కూడా వచ్చి ఉన్నాయి. ఆమె అందరి ముందూ కాకుండా వ్యాను చాటున గద్దను రెండు వేళ్ల మీద నిలబెట్టింది. తోక దబ్బున కిందికి పోయింది. ఓనర్ చూశాడు. ఆయన కూడా చూశాడని గట్టిగా చెప్తున్నాను, ఎందుకంటే తరువాత చూడలేదన్నాడు.

కుర్రవాడు గొంతు సవరించుకున్నాడు. "సార్, సీజీ, అదే బరువు కేంద్రం, వెనక్కి పోయింది. బియ్యం తీసేస్తే..."

ఓనర్ ఫోన్ తీసి తల్లికి చేశాడు. అటు నుంచి ఆమె గొంతు మా అందరికీ వినబడింది. "ఒడిబియ్యం దారిల ఇప్పుతరార? ఎవలు ఇప్పుమంటున్నరు? అదేనా?"

ఓనర్ ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. "ఏం కాదు, ఎగరేసేయ్," అన్నాడు.

"పోనీ సారూ, ముక్కుకు ఒక ఇనుప ముక్క కడత. బియ్యం ముట్ట. సగమన్న సరైతది," అన్నది ఆమె. అప్పటికే కల్లం పక్కన ఒక నట్టు ఏరి పట్టుకుంది.

"పెద్ద మనుషుల ముందు తుక్కు కట్టి ఎగరేస్తే ఏమనుకుంటారు? పాత సామాను అంటగడుతున్నాననుకోరూ?"

కుర్రవాడు నా వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు, ఆఖరికి రిమోట్ వైపు చూసుకున్నాడు. అక్కడితో అతని చెప్పడం అయిపోయింది.

గద్దను విసిరారు. లేచింది. నిజం చెప్పాలి, లేచినప్పుడు చాలా అందంగా ఉంది. పావురాలన్నీ ఒక్క ఊపున మిల్లు రేకుల మీదికి పోయాయి. కుర్చీల్లోవాళ్లు చప్పట్లు కొట్టారు. నా పక్కన ఆమె రెండు చేతులూ నోటి మీద పెట్టుకుంది. ఆ కాసేపు నేను కూడా బియ్యం సంగతి మరిచిపోయాను. తరువాత ముక్కు పైకి లేచింది. లేచిన కొద్దీ లోపలి బియ్యం ఇంకా వెనక్కి జారింది. కుర్రవాడు రిమోట్‌లో ఎంత దించినా ముక్కు దిగలేదు. గద్ద ఆకాశం వైపు చూస్తూ, కుక్క కూర్చున్నట్టు గాలిలో కూర్చుని, అలాగే వెనక్కి జారి వడ్ల మీద పడింది. నడుము విరిగింది. వడ్ల నిండా పసుపు బియ్యం.

ఆ తరువాత కుర్చీల్లో ఒకాయన సోడా పక్కన పెట్టి అన్నాడు. "ఏందయ్యా, మీ గద్ద గుడ్లు పెట్టింది!"

ఇంకొకాయన, "గుడ్లు గాదు, పావురాలకు దాణా తెచ్చింది. సుట్టం లెక్క వచ్చిందిరా!" అన్నాడు. పడి పడి నవ్వారు. నవ్వుతుండగానే పావురాలు రేకుల మీది నుంచి దిగాయి. కొండంత వడ్లు పక్కన పెట్టి పసుపు బియ్యమే ఏరుకుని తిన్నాయి. పొట్టు లేనివి కదా, వాటికీ తెలుసు. మేం ముక్కలు ఏరుకుని వ్యానులో వేసేలోగా అక్కడ ఒక్క గింజ మిగల్లేదు.

నేను తోక ఉన్న వెనక ముక్క ఏరాను. పట్టుకుని చూశాను. ఒళ్లు ముక్కలైంది కానీ తోక చెక్కుచెదరలేదు. అడ్డరెక్క అడ్డంగా, నిలువు రెక్క నిలువుగా, అతికించిన చోట అతికినట్టే ఉన్నాయి. ఓనర్ అప్పటికే మిల్లువాళ్లతో అంటున్నాడు. "తోక ఊడిందండీ. అతికించడంలో లోపం. పనివాళ్లు కదా."

"సార్, తోక ఊడలేదు. ఇదుగో," అని నేను తెచ్చి చూపించాను. ఆయన నా చేతిలోంచి తీసుకుని, వ్యాను ముందు సీట్లో తన పక్కన పెట్టుకున్నాడు. కోదాడలో దిగేసరికి ఆ తోక రెండు ముక్కలుగా ఉంది. దారిలో గుంతలు చాలా ఉంటాయి. ముందు సీట్లో ఆయన ఒక్కడే ఉన్నాడు. నాకు తెలిసింది అంతే.

షెడ్డులో పెద్దమ్మ ఎదురుచూస్తోంది. విరిగిన తోక చూసి ఏమీ అడగలేదు. "నాకు ఎర్కే. గడప కాడ నిలబడి ఎగరదు అన్నప్పుడే ఎర్క," అన్నది.

నేను ఊరుకోలేదు. "పెద్దమ్మా, తోక పాపం గాదు. బియ్యం బరువుకు పడ్డది. వేళ్ల మీద పెట్టి సూసినం, సార్ గూడ సూసిండు."

"నేనేం చూడలేదు," అన్నాడు ఓనర్.

పెద్దమ్మ నన్ను చూసిన చూపులో కోపం లేదు. చిన్నపిల్లవాడికి చెప్పినట్టు చెప్పింది. "ఒడిబియ్యం ఏ బిడ్డకన్న బరువైతదారా కొడుకా?"

ఆ ఐదుగురు ఆడవాళ్లూ తల ఊపారు. ఒడిలో బియ్యం మోసినవాళ్లు వాళ్లు. అది బరువు అని ఏ నోటితో అంటారు? కుర్రవాడు రిమోట్‌కు బ్యాటరీ పెట్టడం, తీయడం, మళ్లీ పెట్టడం చేస్తున్నాడు. నేను రెండుసార్లు అతని పేరు పెట్టి పిలిచాను. "బ్యాటరీ చెక్ చేస్తున్నా అన్నా," అన్నాడు.

ఓనర్ తీర్పు చెప్పాడు. ఆమెను పనిలోంచి తీసేయలేదు. తీసేసి ఉంటే మేలే. "రేపటి నుంచి తోకలు ముట్టొద్దు. ఊడ్చే పని చూసుకో," అన్నాడు, దయ చూపించినవాడిలా.

ఫోమ్ నలకలు ఊడవడం ఎంత కష్టమో చూసినవాళ్లకు తెలుసు. చీపురు తగిలితే ఎగురుతాయి, చీరకు అంటుకుంటాయి, వెంట్రుకల్లో చేరతాయి. ఆమె చీపురు తీసుకుని నీళ్లు చిలకరించి షెడ్డు మొత్తం ఊడ్చింది. నా బల్ల కింద కూడా ఊడ్చింది. "కాళ్లు ఎత్తు అన్నా," అన్నది. ఎత్తాను. ఊడ్చిందంతా బస్తాకెత్తి, మూతి కట్టి, చీపురు గోడకు ఆనించింది. తరువాత ఎప్పటిలాగే షెడ్డు చివరికి పోయి కింద కూర్చుని, ఒక కన్ను మూసి తోకల బల్ల వైపు ఒకసారి చూసింది. లేచి, గడప దాటి, తన టిఫిన్ డబ్బా తీసుకుని వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు.

నేను ఇంకా రెండేళ్లు అక్కడే పని చేశాను. ఎందుకు మానలేదని అడుగుతారు. ఫోమ్ కోసేవాడికి కోదాడలో ఇంకో షెడ్డు లేదు. తోకలకు వేరేవాళ్లను పెట్టారు. గింజలు వేయడం మానలేదు, కానీ మళ్లీ ఐదే వేశారు. ఎవరు చెప్పారో, ఎవరు మార్చారో తెలియదు. ఎవరూ తప్పు ఒప్పుకోకుండానే తప్పును దిద్దుకున్నారు. లోకంలో చాలా పనులు అలాగే బాగుపడతాయి. అది చూసినప్పుడే నాకు ఎక్కువ మండింది. తరువాత, చెల్లె ఉన్నప్పుడే పట్టుకున్న దగ్గు ముదిరి, కరెంటు తీగ పొగకు నా ఛాతీ చెడిపోయింది. దవాఖానలో ఆ పని మానెయ్యమన్నారు. మానేశాను.

పోయిన ఎండాకాలం ఒక చావు పలకరింపుకు మిర్యాలగూడ పోయాను. తిరిగి బస్టాండుకు వస్తూ ఆ మిల్లు గోడ పక్కన నడుస్తుంటే లోపల నుంచి "హోయ్... హో" అని ఒక కేక వినబడింది. ఆ గొంతు నాకు తెలుసు. గేటులోంచి తొంగి చూశాను. కల్లం నిండా వడ్లు. నడిమధ్యలో నడిగూడెం చెల్లె, నెత్తిన తువాలు, చేతిలో పొడుగు కర్ర, కర్ర చివర గద్ద రెక్కల్లా చీల్చిన నల్ల కవరు.

నన్ను చూసి గేటు దగ్గరికి వచ్చింది. జుట్టు నెరిసింది. "అన్నా! ఛాతి ఎట్లుంది? గా పొగ మానినవా?" అని ముందు నా సంగతే అడిగింది.

"నువ్వు గీడ ఎట్ల?"

"షెడ్డు ఇడిసిన వారం దినాలకే నడుసుకుంట వచ్చిన. మా గద్ద వడ్డది గదా, గా పని నాకియ్యుండ్రి అన్న. నవ్విండ్రు. ఇచ్చిండ్రు."

"కోపం లేదా చెల్లె?" అన్నాను. తెలివితక్కువ ప్రశ్న.

ఆమె జవాబు చెప్పేలోగా పావురాలు ఒక మూలన దిగాయి. కర్ర భుజాన వేసుకుని అటు నడిచింది. పరుగెత్తలేదు, కేక వేయలేదు. ఉత్తగా ఎదురు నడిచింది, అంతే. ఆమె నీడ తగలగానే గుంపంతా లేచిపోయింది. పిట్టలు ఖాళీ చేసిన ఆ మూలన నిలబడి నా వైపు తిరిగి నవ్వింది.

"సూసినవా అన్నా? ఎన్కట నేను ఎదురొస్తె మనుసులు జరిగేటోళ్లు. ఇప్పుడు పిట్టలు జరుగుతున్నయ్. దీనికైతె జీతమిస్తుండ్రు."